నలుగురితో నారాయణ

పర్యావరణానికి మేలు చేసే అలవాట్లు ఎక్కడ మొదలవుతాయి? పి.వి. సతీశ్ స్మృతిలో ఒక ఉపన్యాస పాఠం

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగించిన పథకం అది. ఆకలి తెలిసినవాళ్లెవరూ దాన్ని చులకన చేయరు. అయితే ఆ బియ్యం సంచుల వెంట ఊళ్లలోకి ఇంకో మార్పు కూడా నడిచి వచ్చింది. జహీరాబాద్ చుట్టుపక్కల మెట్ట గ్రామాల్లో తరతరాలుగా జొన్నరొట్టె, సజ్జరొట్టె, కొర్రన్నం తిన్న ఇళ్లు మెల్లగా వరన్నానికి మళ్లాయి. జొన్నలు మానేయమని ఎవరూ చెప్పలేదు. గోడల మీద నినాదాలు రాయలేదు, సభలు పెట్టలేదు. చౌకదుకాణంలో దొరికేది బియ్యం, చవగ్గా దొరికేదీ బియ్యమే. పండగనాడు మాత్రమే వరన్నం వండుకునే ఇంట్లో రోజూ అదే వండుకోవడం ఒక హోదా కూడా అయింది. తినేవాళ్లు తగ్గాక వేసేవాళ్లూ తగ్గారు. చెలకలు బీళ్లయ్యాయి.

ఒక ప్రాంతపు తిండి ఒక తరం గడవకముందే మారిపోయింది. జనం అలవాట్లు మార్చడం బ్రహ్మతరం కూడా కాదని వాపోయేవాళ్లు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలి. అలవాట్లు మారతాయి. చాలా త్వరగా మారతాయి. వాటిని ఏది మారుస్తుందన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

పి.వి. సతీశ్ తన జీవితంలో సగానికి పైగా ఈ ప్రశ్నతోనే గడిపారు. మైసూరులో పుట్టి, పత్రికల్లో పనిచేసి, దూరదర్శన్‌లో గ్రామీణ కార్యక్రమాలు తీసిన మనిషి. 1983లోనే మిత్రులతో కలిసి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ దానికి కేంద్రం. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల చెలక ఉన్నవాళ్లు. 2023 మార్చి 19న సతీశ్ కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది అది.

ఆ సంఘాలు చేసిన పనుల్లో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. 1990ల నడుమ ఆ మహిళలు తమ ఊళ్లలో తామే ఒక రేషన్ వ్యవస్థను నడిపారు. బీడుపడ్డ చెలకను సాగులోకి తెచ్చుకునేందుకు రైతుకు అప్పు ఇచ్చేవారు. ఆ అప్పును రైతు డబ్బుగా కాదు, జొన్నలుగా తిరిగి కట్టాలి. ఆ జొన్నలు ఊళ్లోనే గాదెల్లో నిలవ ఉండేవి. కూలి దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చేవారు. ఏ ఇంటికి ఎంత ఇవ్వాలో సంఘం కూర్చుని తేల్చేది. ఎవరింట్లో పూట గడవడం కష్టంగా ఉందో దూరాన ఉన్న ఆఫీసర్ కన్నా వాళ్లకే బాగా తెలుసు. వేల ఎకరాల బీడు మళ్లీ పచ్చబడింది. జొన్నరొట్టె గొప్పదని ఉపన్యాసం ఇస్తే జరిగే పని కాదది. జొన్నలు మళ్లీ చేతికందేలా చేస్తే జరిగింది.

ఇక ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతర. అలంకరించిన ఎడ్లబండ్ల మీద మట్టికుండల్లో, గంపల్లో రకరకాల విత్తనాలు పెట్టుకుని నెల రోజుల పాటు ఊరి నుంచి ఊరికి తిప్పుతారు. బండి వచ్చిన ఊళ్లో ఆడవాళ్లు ఎదురొచ్చి హారతి పడతారు. తర్వాత అసలు పని మొదలవుతుంది. ఏ విత్తనం ఎవరి దగ్గరుంది, ఈ ఏడు ఎవరు ఏం వేశారు, వానలు ముఖం చాటేసిన ఏడాది ఏది నిలబడింది అని మాటలు సాగుతాయి. అక్కడ పాఠం చెప్పేవాళ్లు, వినేవాళ్లు అని రెండు వరుసలుండవు. పక్కూరి మనిషి చెయ్యి చాచి గింజలు చూపిస్తుంది. ఆ మాట చెలకలోకి చేరుతుంది.

వాతావరణ మార్పు గురించి మాట్లాడవలసినచోట జొన్నల ఊసు ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. నీళ్లు నిలిచిన వరిమడి మీథేన్ వదులుతుంది. బోరుబావి కింద పండే వరికి కరెంటు కూడా కావాలి. వాననీటితో గట్టెక్కే జొన్నకు నిలవనీరూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. రోజూ పళ్లెంలో ఏముంటుందన్నది వాతావరణానికి సంబంధించిన విషయమే. అంతకన్నా ముఖ్యంగా, మనుషులు రోజువారీ అలవాటును ఎందుకు మార్చుకుంటారన్న ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కడెక్కడో జరిగిన పరిశోధనలు చివరికి చేరిన చోటు పస్తాపూర్‌కు ఎంతో దూరంలో లేదు. ఈ ఉపన్యాసం చెప్పదలచింది అదే. భయపెడితే, లెక్కలు అప్పజెబితే జనం కదిలేది తక్కువ. తమలాంటివాళ్లు చేస్తుంటే చూసి, ఆ పని తమకూ చేతికందేంత దగ్గరలో ఉంటే కదులుతారు.

కాలిఫోర్నియాలో శాన్‌డియేగోకు దగ్గర్లో శాన్ మార్కోస్ అనే పట్టణం ఉంది. అక్కడ మనస్తత్వ పరిశోధకులు వెస్లీ షుల్ట్జ్, జెస్సికా నోలన్, రాబర్ట్ చాల్దీని, వారి సహచరులు కొన్ని ఇళ్ల తలుపు పిడులకు కాగితాలు తగిలించారు. వేసవిలో ఏసీ బదులు ఫ్యాన్ వాడండి అన్నదే అన్ని కాగితాల్లోనూ ఉన్న మాట. కారణాలు మాత్రం వేరు. ఒకదాంట్లో డబ్బు మిగులుతుందని ఉంది. ఒకదాంట్లో గాలిలో కలిసే వాయువులు తగ్గుతాయని ఉంది. ఒకదాంట్లో రేపటి తరాల కోసం ఇది మన బాధ్యత అని ఉంది. మరోదాంట్లో మీ ఊళ్లో నూటికి 77 మంది ఇప్పటికే ఏసీ బదులు తరచుగా ఫ్యాన్లు వాడుతున్నారని ఉంది. తర్వాత పరిశోధకులు ఆ ఇళ్ల కరెంటు మీటర్లు చూశారు. ఇరుగుపొరుగు సంగతి చెప్పిన కాగితం అందుకున్న ఇళ్లు మిగతావాళ్ల కన్నా తక్కువ కరెంటు వాడాయి.

ఇంతవరకు అయితే ఇది ఒక ఆసక్తికరమైన సంగతి, అంతే. తర్వాత బయటపడింది ఇంకా లోతైనది. మీకందిన కాగితం మీ మనసును ఎంత కదిలించిందని అడిగితే, పొరుగువాళ్ల ప్రస్తావన ఉన్న కాగితానికి జనం అన్నిటికన్నా తక్కువ మార్కులు వేశారు. రాష్ట్రవ్యాప్తంగా చేసిన సర్వేలోనూ అదే తేలింది. కరెంటు ఎందుకు ఆదా చేస్తున్నారని అడిగితే పర్యావరణం కోసమన్నారు, సమాజం కోసమన్నారు, డబ్బు కోసమన్నారు. పొరుగువాళ్లను చూసి అన్నది ఆ వరుసలో ఆఖరున నిలిచింది. వాళ్లు నిజంగా చేస్తున్న పనితో పోల్చి చూస్తే మాత్రం, అన్నిటికన్నా గట్టి సంబంధం దానికే కనిపించింది. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తమను కదిలించిందేమిటో మనుషులకే తెలియదు. కాబట్టి అలవాట్ల గురించి సర్వేల్లో జనం చెప్పే కారణాలను పట్టుకుని ప్రచారాలు తయారు చేస్తే అవి చాలాసార్లు గురి తప్పుతాయి.

అదే పట్టణంలో అదే బృందం చేసిన ఇంకో ప్రయోగం 2007లో వెలువడింది. ప్రతి ఇంటికీ వాళ్లు వాడిన కరెంటు ఎంత, చుట్టుపక్కల ఇళ్ల సగటు ఎంత అని చీటీ రాసి ఇచ్చారు. సగటుకు మించి వాడుతున్నవాళ్లు తగ్గించారు. సగటు కన్నా తక్కువ వాడుతున్నవాళ్లు పెంచారు! మిగతావాళ్లంతా ఇంకా ఎక్కువే వాడుతున్నారట, మనమెందుకు ఉక్కపోతలో ఉండాలన్న లెక్క. అయితే ఆ తక్కువ వాడే ఇళ్ల చీటీ మీద ఒక చిన్న నవ్వు ముఖం బొమ్మ గీసి ఇచ్చినప్పుడు వాళ్లు పెంచలేదు. భేష్ అన్న ఒక్క గుర్తు చాలింది. నలుగురితో నారాయణ అనే మన స్వభావానికి రెండు వైపులా పదునుంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది. గుంపు చెడ్డగా చేస్తోందని పదే పదే చెబితే మంచిగా చేస్తున్నవాళ్లు కూడా గుంపులో కలుస్తారు. ప్లాస్టిక్ వాడకం పెరిగిపోయింది, ఎవరూ చెత్త వేరు చేయడం లేదు, అందరూ కార్లెక్కుతున్నారు అంటూ వేదన పడే ప్రకటనలు చేసే హాని ఇదే. వాటి ఉద్దేశం మంచిదే. జనం చెవికి చేరే కబురు మాత్రం అందరూ అలాగే చేస్తున్నారట అని.

ఈ ప్రయోగం పునాది మీద 2007లోనే అమెరికాలో ఓపవర్ అనే కంపెనీ పుట్టింది. కరెంటు సంస్థల తరఫున ఇంటింటికీ పొరుగుతో పోల్చే నివేదికలు పంపడం దాని పని. ఆర్థికవేత్త హంట్ ఆల్కాట్ దాదాపు ఆరు లక్షల ఇళ్ల లెక్కలు తీసి చూస్తే సగటున రెండు శాతం కరెంటు తగ్గింది. రెండు శాతమేనా అని పెదవి విరవక్కర్లేదు. కరెంటు ధరను 11 నుంచి 20 శాతం దాకా పెంచితే కొద్దికాలంలో వచ్చే తగ్గుదలకు అది సమానం. ధర పెంచితే పేదవాడి నడ్డి విరుగుతుంది. కాగితానికి ఆ పాపం లేదు.

అమెరికావాళ్ల సంగతి మనకెందుకన్నవాళ్లకు దిల్లీ పరిసర ప్రాంతంలోనే జవాబు ఉంది. అక్కడి అపార్టుమెంట్లలో ఆర్థికవేత్త అనంత్ సుదర్శన్ ఇదే తరహా అధ్యయనం చేశారు. 2017లో అది అచ్చయింది. పొరుగుతో పోల్చిన నివేదికలు అందుకున్న ఇళ్లలో వేసవిలో కరెంటు వాడకం ఏడు శాతం తగ్గింది. అదే నివేదికకు తోడు డబ్బు ప్రోత్సాహకం కూడా పెట్టిన ఇళ్లలో ఆ తగ్గుదల కనిపించకుండా పోయింది. డబ్బు రంగంలోకి దిగేసరికి పరువు పక్కకు తప్పుకుంది. ఈ కాస్త రూపాయల కోసం ఉక్కలో ఎవరు కూర్చుంటారనే బేరం మొదలైంది. మంచిపనికి వెల కట్టగానే అది ఒక సరుకవుతుంది. వెల నచ్చనివాడు కొనడు.

మరి డబ్బుతో పనే లేదా? ఉంది. ఎల్ఈడీ బల్బు చరిత్రను కళ్లముందు పెట్టుకుంటే డబ్బు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తేలిపోతుంది. పుదుచ్చేరిలో 2014 మొదట్లో ప్రయోగంగా మొదలైన బల్బుల పంపిణీ అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాలకు వచ్చింది. పాత బల్బులు అప్పగించి, పది రూపాయలకొకటి చొప్పున ఇంటికి రెండు బల్బులు తెచ్చుకున్నారు. 2015 జనవరిలో అదే దేశమంతటికీ ఉజాలా పథకమైంది. 2014 ఆరంభంలో ప్రభుత్వ సంస్థ బల్బును సుమారు 310 రూపాయలకు కొంటే, టోకున కోట్లలో కొనేసరికి 2016కల్లా ధర 38 రూపాయలకు పడింది. పథకం కింద చేరిన బల్బులు 36 కోట్లు దాటాయి. ఈ కథలో ఎవరికీ బహుమతి ఇవ్వలేదు. కొనాలని ఉన్నా ధర చూసి వెనకడుగు వేసేవాళ్లకు అడ్డు తీసేశారు. ఎర వేయడం వేరు, దారిలో రాయి తీసేయడం వేరు. మొదటిది మనిషి బుద్ధిని బేరానికి పెడుతుంది, రెండోది అతని ఉద్దేశాన్ని గౌరవిస్తుంది. మన పథకాలు రాసేవాళ్లు ఈ తేడా పట్టుకోవాలి.

డబ్బు ఇవ్వకుండా, వదులుకోమని అడిగి గెలిచిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 2015 మార్చిలో వంట గ్యాసు రాయితీని స్వచ్ఛందంగా వదులుకోమని కేంద్రం కోరింది. కోటి మందికి పైగా వదులుకున్నారు. మీరు వదిలింది ఫలానా పేద ఇంటి కనెక్షన్‌కు ఉపయోగపడుతుందని చెప్పడం, ఇంతమంది వదిలారని లెక్క ఎప్పటికప్పుడు కనబడేలా ఉంచడం, ఈ రెండూ ఆ ప్రచారానికి బలమిచ్చాయనిపిస్తుంది.

చెప్పేవాడు ఎవరన్నది ఇంకో పెద్ద విషయం. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఊళ్లవారీగా ఇళ్లకప్పుల మీద సౌర ఫలకాలు పెట్టించే కార్యక్రమం నడిచింది. ప్రతి ఊళ్లోనూ స్థానికుడు ఒకరు ఇంటింటికీ తిరిగి చెప్పాలి. 58 ఊళ్ల ఫలితాలను పరిశోధకులు 2018లో నేచర్ పత్రికలో వెల్లడించారు. తన ఇంటిమీద ఫలకాలు పెట్టించుకున్న కార్యకర్త ఉన్న ఊళ్లలో, పెట్టించుకోని కార్యకర్త ఉన్న ఊళ్లకన్నా దాదాపు 63 శాతం ఎక్కువ ఇళ్లు ముందుకొచ్చాయి. మాటలవే, కరపత్రాలవే. చెప్పేవాడి మేడ మీద ఏముందో జనం చూశారు.

జపాన్‌లో 2005 వేసవిలో ప్రభుత్వం కార్యాలయాల ఏసీలను 28 డిగ్రీల దగ్గర ఉంచమని చెప్పింది. సూటూ టై బిగించుకుని 28 డిగ్రీల్లో పనిచేయడం నరకం. అది తెలిసి ప్రధాని కొయిజుమి జునిచిరో తానే టై తీసేసి కనిపించారు. కూల్ బిజ్ అనే ఆ ప్రచారాన్ని పర్యావరణ మంత్రి కొయికె యురికో నడిపించారు. అప్పటిదాకా పై అధికారి ముందు టై లేకుండా నిలబడటం మర్యాదలేనితనం. ప్రధానే తీసేశాక ఆ మర్యాద సడలింది. ఏసీ తగ్గించమని చెప్పడం ఎవరికైనా సులభమే. ఉక్కపోసే ఉద్యోగికి టై విప్పే అనుమతి ముందు ఇవ్వాలని ఎవరో ఒకరికి తట్టడమే ఆ ప్రచారంలోని విశేషం.

ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం నిలబడింది కూడా ఈ సూత్రం మీదే. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ఈ కార్యక్రమంలో ఊరికి వచ్చి పద్ధతులు నేర్పేవాళ్లు ఎక్కువగా ఆ పద్ధతుల్లో తాము స్వయంగా సాగు చేస్తున్న రైతులే. పొదుపు సంఘాల మహిళలే దానికి వెన్నెముక. ఘనజీవామృతమనే పేడ ఎరువు గురించి పుస్తకంలో చదివి చెప్పే మనిషికీ, తన చేతికి అంటిన పేడతో చెప్పే మనిషికీ ఊళ్లో దక్కే మర్యాద ఒకటి కాదు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం ఈ కార్యక్రమానికి మరో ఇద్దరు విజేతలతో కలిపి దక్కింది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన రైతును ఎందుకొచ్చావని అడిగితే భూగోళం వేడెక్కుతోందని చెప్పేవాళ్లు అరుదు. మందుల ఖర్చు భరించలేక, అప్పు తీర్చలేక, ఇంట్లో పిల్లలకు మంచి తిండి పెట్టాలని వచ్చామంటారు. ఖమ్మం జిల్లా పునుకుల (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) 2000 తర్వాతి తొలి ఏళ్లలో పురుగుమందుల్లేని ఊరిగా పేరు తెచ్చుకున్నప్పుడూ కథ ఇదే. ముందు కొద్దిమంది రైతులు మందులు మానేశారు. పంట పోలేదు, అప్పు తగ్గింది. మిగతావాళ్లు చేను గట్టు మీద నిలబడి చూశారు. తర్వాత ఊరే మారింది.

నెదర్లాండ్స్ అంటే సైకిళ్లు. అక్కడ సైకిలు దారులు వచ్చింది వాతావరణం కోసం కాదు. 1971లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేలమందికి పైగా చనిపోయారు. వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. పిల్లల హత్య ఆపండి అన్న అర్థం వచ్చే పేరుతో తల్లిదండ్రుల ఉద్యమం లేచింది. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు నిషేధించినప్పుడు, ఖాళీ రోడ్ల మీద సైకిలు తొక్కితే ఎలా ఉంటుందో ఊరంతా అనుభవించింది. చనిపోయిన బిడ్డల దుఃఖం, పెట్రోలు కరవు కలిసి వేసిన దారి మీద ఇవాళ లక్షలమంది ఆఫీసుకు వెళ్తున్నారు.

హైదరాబాద్, విజయవాడ ఇళ్లలోకి కొర్రలు, అండుకొర్రలు, సామలు తిరిగొచ్చిన తీరూ అంతే. కడప జిల్లా ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడ్డ డాక్టర్ ఖాదర్ వలీ సభలకు జనం తండోపతండాలుగా వచ్చింది షుగరు, బీపీల భయంతో. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చిరుధాన్యాలతో ఫలానా రోగం పోతుందన్న మాటలన్నిటినీ వైద్యశాస్త్రం ఒప్పుకోదు. అది వేరే చర్చ. మన విషయానికి కావలసింది ఒక్కటే. జహీరాబాద్ మహిళలు దశాబ్దాల పాటు కాపాడిన గింజలకు పట్నంలో గిరాకీ తెచ్చింది ఆరోగ్యమనే కారణం. ఉద్యమకారులు కొందరికి ఇది రుచించదు. పర్యావరణం కోసం మారితేనే నిజమైన మార్పు అన్న పట్టుదల వాళ్లది. గాలికి కారణాలతో పని లేదు. మందు మానేసిన రైతునైనా, సైకిలెక్కిన మనిషినైనా మనసులో ఏముందని అది అడగదు. ఏ కారణంతో వచ్చినవాళ్లనైనా కూర్చోబెట్టుకోగలిగినంత విశాలంగా ఈ ఉద్యమం ఉండాలి.

అసలు మనసు ముందు మారి తర్వాత అలవాటు మారుతుందన్న నమ్మకమే సగం తప్పు. స్టాక్‌హోమ్ నగరంలో 2006 జనవరి 3 నుంచి ఏడు నెలలపాటు, నగరం నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద ప్రయోగంగా రుసుము వేశారు. మొదలుపెట్టే ముందు జనంలో ఎక్కువమంది వద్దన్నారు. రుసుము వేశారు. రద్దీ 20 శాతం దాకా తగ్గింది. సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసులు స్వల్ప ఆధిక్యంతో కావాలన్నారు. 2007 ఆగస్టులో శాశ్వతం చేశారు. ఆ తర్వాత సంవత్సరాల్లో మద్దతు మూడింట రెండు వంతుల దాకా పెరిగింది. ఆ పథకాన్ని దగ్గరుండి అధ్యయనం చేసిన యోనాస్ ఎలియాసన్ చెప్పిన సంగతి ఇంకా విచిత్రం. అభిప్రాయం మార్చుకున్నవాళ్లలో చాలామందికి తాము ఒకప్పుడు వ్యతిరేకించామన్న జ్ఞాపకమే లేదు. రోడ్డెక్కడం తగ్గించిన సంగతి కూడా వాళ్లకు పెద్దగా గుర్తులేదు. అలవాటు ముందు నడిచింది, మనసు దాని వెనక వచ్చి చేరింది.

మన దగ్గర ఇలాంటి పని చప్పుడు లేకుండా చేసిన నిబంధన ఒకటుంది. 2020 జనవరి నుంచి అమ్మే గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం ఆదేశించింది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. ఎవరి చేతిలోని రిమోట్‌నూ లాక్కోలేదు. 18 కావాలంటే ఆరుసార్లు నొక్కుకోవచ్చు. చాలామంది నొక్కరు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు మొదలైంది. దాని ఉద్దేశం వేరు. అయినా బస్సెక్కే అలవాటును ఇంత పెద్దయెత్తున పెంచిన పథకం ఈ రెండు రాష్ట్రాల్లో ఇంకోటి రాలేదు. ఆ అలవాటు నిలుస్తుందా లేదా అన్నది ఇక టికెట్టు చేతిలో లేదు, బస్సుల సంఖ్య చేతిలో ఉంది. ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణం ఏళ్ల తరబడి సాగితే, నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే ఆ ఇంట్లో మొదట వచ్చేది స్కూటీ. అందుబాటులోకి తెచ్చి ఆగిపోవడం సగం పని.

ఇంతకీ ఎవరి అలవాట్లు మారాలి? ఈ ప్రశ్న దాటేసి అలవాట్ల గురించి మాట్లాడటం అన్యాయం. సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్. సగటు అమెరికన్‌ది దానికి ఏడు రెట్ల దాకా ఉంటుంది. ఆ రెండు టన్నుల సగటులోనూ గచ్చిబౌలి ఫ్లాటులో మూడు ఏసీలు నడిపే కుటుంబం, పస్తాపూర్‌లో ఒక ఫ్యానూ రెండు బల్బులూ ఉన్న కుటుంబం కలిసిపోయి ఉన్నాయి. 2017లో పరిశోధకులు సేథ్ వైన్స్, కింబర్లీ నికోలస్ వేసిన లెక్కలో కారు లేకుండా బతకడం వల్ల ఏడాదికి 2.4 టన్నులు, అట్లాంటిక్ దాటే ఒక్క రానుపోను విమాన ప్రయాణం మానుకుంటే 1.6 టన్నులు తగ్గుతాయి. అవి ధనిక దేశాలకు వేసిన లెక్కలు. అయినా ఒక సంగతి తేటతెల్లం. ఏడాదికోసారి డల్లాస్ నుంచి హైదరాబాద్ వచ్చిపోయే మన కుటుంబాల ఒక్క ప్రయాణం, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఏడాది మొత్తం వాడకాన్ని మించిపోతుంది. కన్నవాళ్లను చూడటానికి రావద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ స్విచ్ ఆపమని, సంచి తెచ్చుకోమని బీదవాళ్లకు సుద్దులు చెప్పేటప్పుడు ఈ అంకె గుర్తుండాలి.

చదువుకున్నవాళ్లకు కూడా ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియకపోవడం ఇంకో సమస్య. పరిశోధకురాలు షహజీన్ అత్తారీ బృందం 2010లో అమెరికన్లను అడిగితే, కరెంటు ఆదాకు అన్నిటికన్నా మంచి మార్గమేమిటన్న ప్రశ్నకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు లైట్లు ఆపడం. ఎక్కువ కరెంటు లాగే యంత్రాల వాడకాన్ని జనం బాగా తక్కువగా ఊహించారు. మన ఇళ్లలోనూ అంతే. గదిలోంచి బయటికొస్తూ లైటు ఆపని పిల్లవాడికి చీవాట్లు పడతాయి. గీజరు గంటసేపు ఆన్‌లో ఉన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. ఒక తొమ్మిది వాట్ల బల్బు రెండు వందల గంటలకు పైగా వెలిగితే అయ్యే కరెంటును, రెండువేల వాట్ల గీజరు ఒక్క గంటలో తాగేస్తుంది. సమాచారం పనికిరాదని ఈ ఉపన్యాసం ఎక్కడా అనడం లేదు. కదలాలనుకున్న మనిషికి ఎటు కదలాలో చెప్పడానికి అది కావాలి. కదలిక పుట్టించడం మాత్రం దానివల్ల అయ్యే పని కాదు.

ఇక మన రెండు రాష్ట్రాల్లో రేపు చేయగలిగిన పని ఏమిటి? ప్రతి నెలా మీటరు రీడరు గడప దగ్గరికి వస్తాడు. చేతిలోని చిన్న మిషను నుంచి చీటీ చింపి ఇస్తాడు. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఆ గీతకు దగ్గర్లో ఉన్న ఇళ్లకు నెలాఖరులో మీటరు మీద కన్నేసి ఉంచడానికి బలమైన కారణం దొరికింది. ఎనభై యూనిట్లు వాడే ఇంటికి అలాంటి కారణం లేదు. ఆ ఇల్లు ఒక ఫ్యాను పెంచుకుంటే తప్పుపట్టాల్సిన పనీ లేదు. అయిదారు వందల యూనిట్లు వాడే ఇళ్లకు స్లాబు రేట్లు తప్ప ఇంకే కబురూ అందడం లేదు. ఆ చీటీ మీద ఒక్క వరుస అదనంగా వేయవచ్చు: మీ వీధిలో, మీలాంటి ఇళ్లు ఈ నెల సగటున ఇన్ని యూనిట్లు వాడాయి అని. సగటుకు తక్కువ వాడినవాళ్ల చీటీ మీద శాన్ మార్కోస్‌లో గీసినటువంటి చిన్న బొమ్మ.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల సౌర ఫలకాలకు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. దాని గురించి టీవీల్లో ప్రకటనలు చాలినన్ని వచ్చాయి. ఇప్పుడు కావలసింది వీధికొక ఇల్లు. ముందుగా పెట్టించుకున్నవాళ్లు ఆదివారం పూట తమ డాబా మీదికి పొరుగువాళ్లను పిలిచి మీటరులో గ్రిడ్‌కు వెళ్లిన యూనిట్ల లెక్క చూపించాలి. ఎంత ఖర్చయింది, రాయితీ ఎన్నాళ్లకు ఖాతాలో పడింది, కోతులు ఫలకాల మీద ఎక్కితే ఏం చేస్తున్నారు అన్న ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. పథకం గురించి చెప్పడానికి వచ్చే విద్యుత్ శాఖ ఉద్యోగి ఇంటిమీద అవి ఉన్నాయో లేదో కూడా జనం అడుగుతారు. అడగాలి. ఇక ముందు చెప్పుకున్న కరెంటు చీటీ మీద ఆ అదనపు వరుస వేయడానికైతే కొత్త మీటర్లు, కొత్త చట్టం, కొత్త బడ్జెట్టు ఏవీ అక్కర్లేదు. ప్రతి ఇంటి యూనిట్ల లెక్కా నెలనెలా విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది.